నదికి ఇవ్వని కాగితములు

మా పూర్వులు కడప సీమనుండి వచ్చి బెంగళూరు పేటలో కాపురము పెట్టి అయిదు తరములు గడచినవి. వారు వెంట తెచ్చుకొన్న వస్తువులలో నేటికిని మా యింట మిగిలినది ఇత్తడి రేకులు కొట్టిన ఒక టేకుపెట్టె మాత్రమే. మా బాల్యమున దానిని ఏటికొకమారు, సరస్వతీపూజనాడు తెరచుచుండిరి. ఎఱ్ఱగుడ్డలో చుట్టిన తాటాకుల కట్టలను పెద్దలు వెలికిదీసి, పీటపై నుంచి, పసుపు కుంకుమలిడి, హారతి యిచ్చి, మరల లోపల పెట్టి మూత వేయుచుండిరి. వానిని చదివినవారిని మేము చూడలేదు. చదువుడని అడిగినవారమును కాము.

2004వ సంవత్సరమున కృష్ణానదికి పుష్కరములు వచ్చినవి. ఆకులు తునిగిపోవుచున్నవనియు, చదువువారు లేని గ్రంథములను ఇంట నుంచుకొనుట దోషమనియు, పుణ్యనదిలో విడుచుటయే ఉచితమనియు ఇంట నిశ్చయమైనది. కట్టలను శ్రీశైలమునకు గొనిపోయి పాతాళగంగవద్ద నీట విడిచితిమి. విడిచినవారిలో మేమును ఉంటిమి కావున ఈ తప్పును గతించిన పెద్దలపై మోపుట న్యాయము కాదు. గ్రంథము చెత్తలో పడరాదను భక్తియే మా యందఱిచేత ఆ పని చేయించినది.

పెట్టె అడుగున మఱికొన్ని కాగితములుండెను. అవి నదికి సమర్పింపదగినవి కావని విడిచిపెట్టబడినవి. పదియేండ్ల పిమ్మట ఇల్లు పడగొట్టించునపుడు మరల మా కంటబడినవి. ఒక పెండ్లిలో వచ్చిన చదివింపుల పట్టిక, తద్దినముల తిథులు వ్రాసికొన్న చిన్న పుస్తకము, తీరినదో తీరలేదో తెలియని అప్పుపత్రము, మూడు జాతకములు, కొన్ని కార్డులు అందుండెను. వీనితోబాటు ఒక జాబుకూడ నుండెను. 1898లో బెంగళూరున ప్లేగు వ్యాపించినపుడు పేటలోని ఇల్లు విడిచి ఊరివెలుపల పాకలో తలదాచుకొన్న మా ముత్తాతగారు కడపలోని తమ్మునికి వ్రాయబూని, సగములో నిలిపివేసిన జాబు అది. ఎందుకు నిలిపిరో, మరల ఎన్నడు ఇంటికి వచ్చిరో అందు లేదు.

నదిలో విడిచిన కట్టలలో భాగవతమును, భారతమున కొన్ని పర్వములును ఉండెనని మా మేనత్తగారు చెప్పుదురు. భాగవతము నేడు ఏ పుస్తకముల అంగడిలోనైనను దొరకును. కాని ఆ ప్రతిని వ్రాసినవాని పేరును, ఊరును, సంవత్సరమును తెలుపు చివరి ఆకు మఱెక్కడను దొరకదు. ఇక ప్లేగునాటి జాబు లోకమునందంతటను ఒక్కటే. దానిని మేము కాపాడితిమని చెప్పికొనుటకు వీలులేదు. విలువలేనిదని తలచుటచేతనే అది బ్రదికినది.

ఏది యుంచవలెను, ఏది విడువవలెను అను ప్రశ్న మా యొక్క యింటిదే కాదు. స్వస్థలము విడిచి వేఱుభాషల నడుమ స్థిరపడిన ప్రతి పండితవంశమునకును ఏదో ఒకనాడు ఇది ఎదురగును. ఈ విషయమున యూదులు పాటించు ఒక ఆచారము మన ఆచారమునకు సరిగా ఎదురుగా నిలుచుచున్నది. దానిని గూర్చి తెలిసికొన్న పిదపనే మా పెట్టెను మేము వేఱు కంటితో చూడగలిగితిమి.

మన నగరమున యూదుల కుటుంబములు ఏనాడును బహుస్వల్పము. 1904లో మైసూరు రోడ్డున ఏర్పడిన వారి చిన్న శ్మశానవాటికను చూచినవారు మనలో ఎందఱుందురు? వారి మతధర్మము నెఱిగి, తగవులు తీర్చి, బోధచేయు పండితుని రబ్బీ యందురు. ఆయన ఆలయార్చకుడు కాడు. మన శాస్త్రులవారితో పోల్చదగినవాడు. వారి నియమమేమనగా, భగవన్నామము వ్రాసిన పత్రమును చింపరాదు, కాల్చరాదు, పాఱవేయరాదు. పాతపడిన పత్రములను ప్రార్థనామందిరమున ఒక గదిలో వేసి, కొంతకాలమునకు భూమిలో పాతిపెట్టుదురు. అట్టి గదికి గెనీజా యని పేరు. జాబు మొదటను, పద్దు తలకట్టునను దేవుని తలచుట వారి అలవాటు కావునను, తమ హీబ్రూ లిపిలో వ్రాసినదంతయు గౌరవింపదగినదే యని భావించుటచేతను, ధర్మగ్రంథముతోబాటు ఉప్పుపప్పుల లెక్క కూడ ఆ గదిలో చేరెను. మనమును శ్రీకారము చుట్టియే పద్దు వ్రాయుదుము. అయినను ఆ పద్దునకు పవిత్రత కలదని తలపము.

ఈజిప్టు దేశమున పాత కైరోలోని ఫుస్తాతు అను పేటయందు బెన్ ఎజ్రా అను ప్రార్థనామందిరము కలదు. అచ్చటివారు ఈ కాగితములను మన్నున పాతిపెట్టక గదిలోనే వందల సంవత్సరములు వేయుచు వచ్చిరి. వాన లేని దేశమగుటచే అవి చివికిపోలేదు. ఆ గుట్టలో ఒక వలస రబ్బీ కుటుంబపు కాగితములు మన కర్ణాటక తీరమునకు సంబంధించినవి.

నేటికి తొమ్మిది వందల యేండ్లక్రిందట, ఇప్పటి ట్యునీషియా దేశములోని మహ్దియా అను రేవుపట్టణమున పెరహ్యా అను రబ్బీ యుండెను. ఆయన కుమారులలో అబ్రహాము బెన్ యీజూ యను నతడు చదువుతోబాటు వర్తకమును చేపట్టి, ఏడెను పట్టణమునకు వచ్చి, అచ్చటి వర్తకులకు ముఖ్యుడైన మద్మూను ప్రాపు సంపాదించి, సముద్రము దాటి మన పడమటి తీరమున దిగెను. 1132వ సంవత్సరము అక్టోబరు 17వ తేదీన మంగళూరులో అతడు ఆషు అను దాసిని దాస్యమునుండి విడిపించినట్లు పత్రమున్నది. తరువాత అతనికి సంతానము కలిగినది. 1149 వఱకు అతని కాపురము చాలవఱకు ఈ తీరముననే.

అతని కాగితములలో నున్నవన్నియు గొప్ప విషయములు కావు. మిరియములు, ఏలకులు, పోకలు, ఇనుము ఏడెనుకు పంపిన లెక్కలు; ఏలకుల కొఱకు బయానా పుచ్చుకొని సరకు ఈయని మనుష్యునిపై ఫిర్యాదులు. అతనికి కంచుపని చేయించు కర్మశాల యుండెను. పగిలిన పాత్రలను ఏడెనునుండి ఓడమీద పంపి, కరగించి దీపము చేయించుము, పళ్ళెము చేయించుము అని మిత్రులు కొలతలతో వ్రాయుచుండిరి. మన కంచరులు పోతపోసిన వస్తువులు ఏడెను ఇండ్లలో వెలిగినవన్న మాట. అతని తరపున ఏడెనుకు పోయి వచ్చుచుండిన సేవకుని పేరు ఆ జాబులలో కలదు. అది తుళునాటి బొమ్మ యను పేరని రచయిత అమితావ్ ఘోష్ నిర్ణయించెను. పెద్ద వర్తకులు కూడ ఆ బొమ్మను పేరుపెట్టి కుశలమడిగిరి.

మాకు మిక్కిలి నచ్చిన సంగతి యొకటి కలదు. ఆనాడు మన తీరమున కాగితము దొరకెడిది కాదు. మనవారు తాటాకుపై గంటముతో వ్రాసెడివారు. కావున ఏడెను మిత్రులు బెన్ యీజూకు పంచదార, ఎండుద్రాక్షలతోబాటు తెల్లకాగితములను కానుకగా పంపుచుండిరి. అతడు వానిని పొదుపుగా వాడి, వచ్చిన జాబుల వెనుక ఖాళీస్థలమున పద్దులును, తాను కట్టిన పద్యములును, జాబుల చిత్తుప్రతులును వ్రాసెను. ఆ కారణముచేత ఒకే కాగితమునకు ఒకవైపున మిత్రుని క్షేమసమాచారము, వేఱొకవైపున ఇంటి లెక్క నిలిచినవి. మంచిది ఏది, చిల్లర ఏది యని విడదీయబూనినవాడు రెండింటిని పోగొట్టుకొనును.

1149లో అతడు బిడ్డలతో ఏడెనుకు తిరిగిపోయెను. ఆ సమయముననే సిసిలీ రాజు సైన్యములు మహ్దియాను పట్టుకొన్నవి, అన్నదమ్ములు దిక్కుకొకరైరి. తాను క్షేమముగా చేరితిననియు, అందఱికి సరిపడు ధనము తనకు కలదనియు, కూతును పరాయివాని కీయక తోబుట్టువుల కుమారునికే యిత్తుననియు సోదరులకు అతడు జాబు వ్రాసెను. వలసపోయిన తండ్రి బెంగ ఏ దేశమునందైనను ఒక్కటే గదా! మేనరికము మాట వచ్చినంతనే ఆ యూదుడు మాకు చుట్టమైపోయెను. 1156లో ఫుస్తాతులో ఆ బిడ్డకు తండ్రి సోదరుని కొడుకుతో వివాహమైనది. వారి ధర్మము వేఱు, మన ధర్మమున అది పొసగదు, అది అట్లుండనిండు. ఆమె పుట్టింటినుండి తెచ్చిన నగల, చీరల, పాత్రల పట్టిక కూడ ఆ గదిలో దొరకినది.

అతడు కాగితములను మంగళూరులో పాఱవేసి పోయియుండినచో మన వానలకును చెదలకును రెండేండ్లు నిలిచెడివి కావు. మూటగట్టి వెంట గొనిపోవుట వలననే బ్రదికినవి.

1896లో స్కాట్లండు దేశపు కవల అక్కచెల్లెండ్రిద్దఱు ఈజిప్టు ప్రాంతమునుండి కొన్ని పాత పత్రములు కొనితెచ్చి కేంబ్రిడ్జిలో సాలమన్ షెఖ్టర్ అను పండితునికి చూపిరి. ఆయన కైరోకు పోయి, అచ్చటి పెద్దల అనుమతితో ఆ గది దుమ్ములో వారముల తరబడి కూర్చుండి, 1897లో సుమారు 1,93,000 పత్రశకలములను కేంబ్రిడ్జికి తెచ్చెను. మిగిలినవి పలు గ్రంథాలయములకు చెదరిపోయినవి. ఆయన వెదకినది ప్రాచీన ధర్మగ్రంథములకు. వర్తకుల లెక్కలను అర్ధశతాబ్దము ఎవరును అంతగా పట్టించుకొనలేదు. వానిని చదివిన మహనీయుడు గోయిటైన్. ఆయనయు రబ్బీల వంశమువాడే. జర్మనీ విడిచి 1923లో పాలస్తీనాకు, 1957లో అమెరికాకు వలసపోయినవాడు. హిందూదేశపు వర్తకమును గూర్చి ఆయన సిద్ధపఱచుచుండిన గ్రంథము ఆయన 1985లో మరణించిన పిదప, ఫ్రీడ్‌మన్ అను పండితుని కృషివలన 2008లో వెలువడినది. దానికంటె ముందే, 1992లో అమితావ్ ఘోష్ బొమ్మను వెదకుచు మంగళూరు వచ్చి వ్రాసిన పుస్తకము లోకప్రసిద్ధమైనది.

ఒక్క లోటు చెప్పక తప్పదు. ఆ కాగితములలో ఆషు మాట ఒక్కటియు లేదు. ఆమె పేరున్నది, ఆమె పలుకు లేదు. ఆమె తోబుట్టువులు ఏమనుకొనిరో, బిడ్డలు ఓడయెక్కిననాడు ఆమె రేవున నిలిచెనో, వెంట పోయెనో ఎవరును వ్రాసి పెట్టలేదు. మా చదివింపుల పట్టికలో సైతము పురుషుల పేర్లు ఇంటిపేరుతో నుండ, స్త్రీలు ‘ఫలానావారి భార్య’ యని మాత్రమే యున్నారు. కాగితమును కాపాడుట ఒక యెత్తు, కాగితమున కెక్కనివారిని అడిగి వ్రాసికొనుట మఱియొక యెత్తు.

మనవారిలో ఇట్టి కథ లేకపోలేదు. త్యాగరాజస్వామివారి కాకర్లవంశము తెలుగుసీమనుండి కావేరీతీరమునకు వలసపోయినదే. 1847 జనవరి 6న స్వామి సిద్ధిపొందిరి. వారి వంశము కూతు బిడ్డతో అంతరించెను. ఇంటివారు లేని ఇంటి కాగితములు ఏమి కావలెను? వానిలో ముఖ్యభాగము శిష్యుని ఇంట నిలిచెను. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ సౌరాష్ట్రులు. ఇంటిభాష తెలుగు కాదు, నివసించిన ఊరు తమిళనాట నున్నది. అయినను ఆయనయు, కుమారుడు కృష్ణస్వామి భాగవతార్ వారును గురువుగారి కృతులను స్వరములతో వ్రాసి, చరిత్రను వ్రాసి, భద్రపఱచిరి. ఆ సంచయము పిదప మధురలోని సౌరాష్ట్ర సభకు చేరినది. మన మైసూరు సంస్థానమున తెలుగు కృతులు రచించిన సదాశివరావుగారు ఆ వేంకటరమణ భాగవతారు శిష్యులే. చిత్తూరు సీమ గిరింపేటలో పుట్టిన తెలుగు గొంతు వాలాజాపేట మీదుగా మైసూరు చేరినది. రక్తసంబంధము తెగినచోట విద్యాసంబంధము కాగితములను మోసినది.

ఇట్లు మోసినవారిలో మన తెలుగువారు మఱికొందఱు కలరు. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిదప మెకంజీ దొర మైసూరు దేశమును కొలిపించునపుడు, ఏలూరునుండి వచ్చిన కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు కన్నడసీమ గ్రామములు తిరిగి కరణముల ఇండ్లలోని కవిలెలను, స్థలచరిత్రలను సేకరించిరి. బొఱ్ఱయ్య 1803లోనే, మిక్కిలి పిన్న వయస్సున గతించెను. సి.పి. బ్రౌన్ దొర కడపలో పండితులకు జీతములిచ్చి పల్లెటూళ్ళ ఇండ్లలోని గ్రంథములకు ప్రతులు వ్రాయించిన సంగతి మనలో తెలియనివారు లేరు. ఆయన వచ్చినది మా పూర్వుల ఊరికే. మా తాటాకులను అప్పుడు ఎవరైనను ఆయనకు చూపిరో లేదో!

మైసూరులోనే మఱియొక ఉదాహరణము. కౌటిల్యుని అర్థశాస్త్రము పేరే కాని గ్రంథము లోకమున లేదనుకొనుచుండగా, తంజావూరు మండలమునుండి ఒక పండితుడు గ్రంథలిపిలోనున్న తాటాకుప్రతిని తెచ్చి మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున అప్పగించెను. శామశాస్త్రిగారు దానిని 1909లో అచ్చువేయించిరి. దేశచరిత్ర మలుపు తిరిగినది. ఆ పండితుని పేరు మాత్రము చరిత్రలో నిలువలేదు. ఆ ప్రతి ఏ యింట, ఎన్ని తరములు, ఏ పెట్టెలో నుండెనో అప్పుడే ఒక చీటిపై వ్రాసికొనియుండిన నేడు మనకు ఆ కుటుంబము తెలిసియుండును.

అయినను గ్రంథములకు గ్రంథాలయములు కలవు. కేంద్రప్రభుత్వము 2003లో తాళపత్రములు, వ్రాతప్రతుల రక్షణకు ఒక జాతీయ సంస్థను నెలకొల్పినది. మేము నదిలో విడుచుటకు ఒక యేడు ముందే! అది వ్రాతప్రతికి చెప్పిన నిర్వచనమున డెబ్బదియైదేండ్ల వయస్సును, విద్యావిషయమును ఉండవలెను. రెవెన్యూ దస్తావేజులవంటివి అందు చేరవు. కావున చదివింపుల పట్టిక, ప్లేగునాటి జాబు, తద్దినముల పుస్తకము ఎవరి బాధ్యతయు కావు. అవి ఇంటివారి బాధ్యతయే.

ఇచ్చట బెంగళూరు తెలుగుకుటుంబములకు ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. మన ఇండ్లలో తెలుగు మాటలాడువారున్నారు, చదువువారు తగ్గిపోవుచున్నారు. పిల్లలకు బడిలో కన్నడమును ఆంగ్లమును వచ్చును. బెన్ యీజూ జాబులు అరబ్బీ భాషలో, హీబ్రూ లిపిలో నున్నవి. వాని రెండింటిని ఎఱిగినవాడు దొరకువఱకు అవి మూగవై యుండెను. మన పాతపెట్టెలలో తెలుగు లిపిలో సంస్కృతము, కన్నడ లిపిలో తెలుగు కీర్తనలు, ఒక్కొక్కచోట మోడీ లిపిలో మరాఠీ పత్రములును ఉండుట కద్దు. కన్నడము చదువగల మన పిల్లలకు తెలుగు లిపి అభ్యసించుట ఒక వేసవి సెలవులలోని పని. కాని పాత గొలుసుకట్టు వ్రాతను చదువుట నేర్పగల పెద్దలు ఆ వేసవి వఱకు ఉండవలెను గదా.

ఈ విషయమున మాకు అనుభవముచే తెలిసినవి చెప్పెదము. చిరిగిన కాగితమును సెల్లోటేపుతో అతికింపరాదు. జిగురు పసుపుపచ్చనై అక్షరములను తినివేయును. లామినేషను చేయించుట అంతకంటె చేటు, మరల విప్పుటకు వీలుపడదు. వార్తాపత్రికలలో చుట్టరాదు. కలరా ఉండలు కాగితములకు తగులునట్లు వేయరాదు. ఉతికి ఎండబెట్టిన నూలుగుడ్డ, గాలియాడు పెట్టె, నేలకు ఎత్తున పొడి స్థలము చాలును. తాటాకులకు నిమ్మగడ్డినూనె పూయుట పూర్వాచారము. అది తెలిసినవారిచేతనే చేయింపవలెను. దొరకిన వరుసను చెఱుపరాదు. ఏ కాగితము దేనిమధ్య నుండెనో అదియు ఒక సమాచారమే. మొదట ఫోటోలు తీసికొనుడు. అటుపై ఎవరిది, ఎప్పటిది, ఎవరు చెప్పిరి అని వేఱొక కాగితముపై పెన్సిలుతో వ్రాయుడు. అన్నదమ్ముల పంపకములలో పెట్టెను ముక్కలు చేయవలదు. ఒకరింట నుంచి, అందఱును ప్రతులు తీసికొనుడు. అప్పుపత్రము చూచి సిగ్గుపడి చింపువారిని మేమెఱుగుదుము. మా పత్రములోని అప్పు నూటయిరువది రూపాయలు. తీరలేదని ఎవరైనను వచ్చినచో మాటలాడుకొందుము.

ప్లేగునాటి జాబును మేము గాజుఫలకముల నడుమ పెట్టింపదలచి మానుకొంటిమి. వెలుతురునకు సిరా వెలిసిపోవునని చెప్పిరి. నకలు వ్రాసి కుటుంబమందఱికి పంపితిమి. కడపనుండి ఒక జ్ఞాతి, పేరు మాత్రమే వినియున్నవారు, ప్రత్యుత్తరము వ్రాసిరి. జాబు అందుకొనవలసిన ఆ తమ్మునికి వారు మునిమనుమలట. తమ యింటను ఒక పెట్టె కలదనియు, ఎలుకలు కొట్టినదనియు, తెరచి చూతుమనియు తెలిపిరి.

చదివింపుల పట్టిక 1911 నాటిది. ఎనుబదితొమ్మిదేండ్ల మా మేనత్తగారు గత శ్రావణమున దానిని ఒడిలో పెట్టుకొని చదువుచుండగా పిల్లలు ఫోనులో ఎక్కించుకొనిరి. ఒక రూపాయి, రెండు రూపాయలు, రవికెగుడ్డ, ఇత్తడి చెంబు అని ఆమె పేరుపేరునకు ఆగి, వారెవరో, ఎవరికి ఏమగుదురో, ఎవరితో మాటలు లేకుండెనో చెప్పుచుండిరి. ‘ఫలానావారి భార్య’ అని యున్నచోట నెల్ల ఆమె అసలు పేర్లు చెప్పిరి. నలుబదింటికి ముప్పదియొకటి దొరకినవి. ఇరువదియేడవ పేరువద్ద ఆమె నిలిచిరి. పేటలో పాలు పోసిన ఒకామె అర్ధరూపాయి చదివించినట్లున్నది. పేరు కన్నడపు పేరు, సిరా కారి సగమే కనబడుచున్నది. ఆ ఇల్లు చిక్కపేట మూలన నుండెననియు, ఆ వంశమువారు ఇప్పటికిని అచ్చటనే యుండవచ్చుననియు ఆమె అనిరి. వచ్చు ఆదివారము తనను అచ్చటికి తీసికొనిపొమ్మని పిల్లలతో చెప్పి, కండ్లద్దములు తుడుచుకొని, ఇరువదియెనిమిదవ పేరు చదువనారంభించిరి.